తరవాణి కుండ మీద పరిశోధన: ప్రభుత్వ నిధి రాలేదు, కంపెనీ ఇస్తానంటోంది. సంతకం పెట్టాలా?

తరవాణి_కుండ
ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవశాస్త్రం చెబుతున్నాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కావస్తోంది. వయసు 36. మా అమ్మమ్మ ఇంట్లో వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. అన్నం వార్చిన గంజి రోజూ అందులో పోసి పులియబెట్టేవారు. అలాంటి కుండ ఇంకా పొయ్యి పక్కన ఉన్న ఇళ్లు మా జిల్లాలో వెతగ్గా వెతగ్గా తొమ్మిది దొరికాయి. ఆ నీళ్ల నుంచి 41 లాక్టిక్ బాక్టీరియా రకాలను వేరు చేశాను. అవి కడుపులోని ఆమ్లాన్నీ పైత్యరసాన్నీ తట్టుకుని పేగు దాకా ప్రాణాలతో చేరతాయా, చేరితే అక్కడ ముందే కాపురమున్న బాక్టీరియాతో ఎలా మెలుగుతాయి అన్నది నా ప్రశ్న.

నిధి కోసం రెండుసార్లు దరఖాస్తు పెట్టాను, రెండుసార్లూ తిప్పికొట్టారు. మొదటిసారి సమీక్షకుడి మాట "ప్రాథమిక ఫలితాలు చాలవు". రెండోసారి "సంస్థలో వాయురహిత సదుపాయం లేదు". గాలి తగలకుండా బాక్టీరియాను పెంచే ఆ సదుపాయం కొనడానికే కదా డబ్బు అడిగింది! పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు.

పోయిన నెల ప్రోబయాటిక్ (మేలు చేసే బాక్టీరియా) గుళికలు అమ్మే ఒక కంపెనీవారు ఫోన్ చేశారు. రెండేళ్లకు 18 లక్షలు ఇస్తారట. ఒప్పందం ముసాయిదా కూడా వచ్చింది. అందులో రెండు షరతులు మింగుడు పడటం లేదు. ఏ ఫలితం ప్రచురించాలన్నా వారి లిఖితపూర్వక ఆమోదం కావాలి. 41 రకాల మీద హక్కులన్నీ వారివే. మా విభాగాధిపతి మాత్రం "గుమ్మంలోకి వచ్చిన లక్ష్మిని నిలబెట్టి ప్రశ్నలు వేస్తారా అమ్మా, సంతకం పెట్టెయ్" అంటున్నారు. ఇలాంటి కాగితం మీద ఎవరైనా సంతకం పెట్టారా? తర్వాత ఏమైంది?

మైనస్_ఎనభై
మీ విభాగాధిపతి ఎంతో నయం. మా దగ్గర లక్ష్మి వచ్చినా మూడు ప్రతుల్లో దరఖాస్తు ఇమ్మంటారు.

గుళికల_మాజీ
పెట్టకండి. ఆరేళ్లు అలాంటి కంపెనీలోనే పరిశోధన విభాగంలో పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. ఒక కళాశాల అధ్యాపకుడికి డబ్బిచ్చి మా గుళికను ఇంటి పెరుగుతో పోల్చి చూడమన్నాం. పాపం, నిజాయతీగా చేశాడు. రెండింటికీ తేడా కనిపించలేదు. నివేదిక మా దగ్గరకు వచ్చింది. ప్రచురించవద్దని ఎవరూ అనలేదు, అలా ఎవరూ అనరు. "పరిశీలనలో ఉంది" అన్నారు. నేను ఉద్యోగం మానేసేనాటికి నాలుగో ఏడు. అప్పటికీ పరిశీలనలోనే ఉంది.

ఆ అధ్యాపకుడు ఏటా సంక్రాంతికి నాకు శుభాకాంక్షలు పంపేవాడు, చివర ఒక వాక్యం: "అది ఏమైందో కనుక్కుంటారా?"

సొంత_జీతం
పైన చెప్పినవన్నీ వినడానికి బాగున్నాయి. నేను ప్రైవేటు డిగ్రీ కళాశాలలో పాఠం చెబుతాను. బాక్టీరియాను పెంచే ఎమ్మారెస్ మీడియం డబ్బా నా జీతంలోంచి కొంటాను. డబ్బా అడుగున గడ్డకట్టిన పొడిని చెంచాతో గీకి వాడే స్థితి మాది. 18 లక్షలు కాదు, 18 వేలు ఇస్తానన్నా బస్సెక్కి వెళ్లి సంతకం పెట్టివస్తాను. షరతులు చూసి ముక్కు విరవడం నెలనెలా జీతం పడేవారికి చెల్లుతుంది.

తరవాణి_కుండ
@సొంత_జీతం నా జీతం పడుతుంది, నిజమే. కానీ చేరిన రోజు నాకు ఇచ్చినది ఒక గది, ఒక బల్ల, తలుపు సరిగా పడని ఒక ఇంక్యుబేటర్. ఆ తలుపుకు ఇప్పటికీ రబ్బరు బ్యాండు వేస్తున్నాను. ముక్కు విరిచే స్థితిలో నేనూ లేను.

చద్దన్నమే_చాలు
నాకు సైన్సు తెలియదు, పన్ను కట్టడం తెలుసు. మా తాతలు చద్దన్నం, మజ్జిగ తిని తొంభై ఏళ్లు బతికారు. అందులో ఏ పురుగు ఉందో లెక్క పెట్టడానికి లక్షలు ఎందుకు? తరవాణి మంచిదని మీ అమ్మమ్మకు తెలుసు, మీకు తెలుసు, ఇంక ఎవరికి తెలియాలి?

కడుపు_డాక్టరు
@చద్దన్నమే_చాలు మీ తాతగారి ఆయుష్షుకు చద్దన్నం కారణమో, పొలం పని కారణమో, కేవలం అదృష్టమో చెప్పగలరా? చెప్పలేరు. దాన్ని తేల్చడానికే ఖర్చు. తొంభై ఏళ్లు బతికినవారే మనకు కథలు చెప్పారు. చద్దన్నం తిని కూడా ఐదో ఏట అతిసారంతో పోయిన పిల్లలు చెప్పడానికి మిగలలేదు.

నేను జీర్ణకోశ వైద్యుణ్ణి. రోజుకు కనీసం పదిమంది "ప్రోబయాటిక్ రాయండి డాక్టరుగారూ" అంటారు. ఏది రాయాలి? 2018లో రెండు పెద్ద పరీక్షల ఫలితాలు ఒకేసారి వచ్చాయి. వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికి వచ్చిన పసిపిల్లలకు అమెరికాలో 971 మందిలో, కెనడాలో 886 మందిలో పరీక్షించారు. బాగా అమ్ముడుపోయే రకాలే ఇచ్చారు. ఉత్తుత్తి పొడి ఇచ్చిన పిల్లలతో పోలిస్తే ఏ ప్రయోజనమూ కనిపించలేదు. అమెరికా పరీక్షకు డబ్బు అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చింది. ఇదే ఫలితం "లిఖితపూర్వక ఆమోదం" షరతు ఉన్న ఒప్పందం కింద వచ్చి ఉంటే మనదాకా చేరేదా? @గుళికల_మాజీ చెప్పిన "పరిశీలన" సొరుగులోకి పోయేది.

చద్దన్నమే_చాలు
అయితే మీరే ఒప్పుకున్నారుగా, పనిచేయదని.

కడుపు_డాక్టరు
ఆ రకాలు, ఆ జబ్బుకు, ఆ పిల్లల్లో పనిచేయలేదు. ఇంకో వైపు చూడండి. ఒడిశా పల్లెల్లో అప్పుడే పుట్టిన 4,556 మంది శిశువుల మీద జరిగిన పరీక్ష 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారం అన్న బాక్టీరియానూ దానికి మేతగా ఒక చక్కెరనూ వారం రోజులు నోటి ద్వారా ఇచ్చారు. రెండు నెలల్లోపు రక్తం విషమించడం లేదా మరణం ఉత్తుత్తి పొడి ఇచ్చిన శిశువుల్లో 9 శాతం, ఇది తీసుకున్నవారిలో 5.4 శాతం. వారం రోజుల మోతాదుకు అయ్యేది ఒక డాలరు. పెద్ద తేడా కాబట్టి పరీక్షను ముందే ఆపేశారు.

దాని వెనక పినాకి పాణిగ్రాహి బృందం పని ఇరవై ఏళ్లది. వందల రకాలను జల్లెడ పట్టి ఒక్కదాన్ని ఎంచుకున్నారు. పిల్లలు ఒడిశావారు, తల్లులు ఒడిశావారు, డబ్బు మళ్లీ ఎన్ఐహెచ్‌ది. మన పిల్లల ప్రాణాల మీద ప్రశ్నకు డబ్బు సముద్రం దాటి రావలసి వచ్చింది. నాకు కడుపు మండేది అక్కడ.

మైనస్_ఎనభై
జీర్ణకోశ వైద్యులకు కూడా కడుపు మండుతుందన్నమాట.

గాలి_గిట్టదు
అందరూ డబ్బు గురించి మాట్లాడుతున్నారు, నాకు దరఖాస్తులోనే చిక్కు కనిపిస్తోంది. @తరవాణి_కుండ, మీ 41 రకాలు లాక్టిక్ బాక్టీరియా కదా. వాటికి వాయురహిత చాంబర్ ఎందుకు? అవి గాలి ఉన్నా లేకున్నా పెరిగే రకం. మామూలు జాడీలో గ్యాస్ ప్యాకెట్ వేస్తే సరిపోతుంది, పేదవాడైతే కొవ్వొత్తి జాడీతోనూ నెట్టుకురావచ్చు. చాంబర్ కావలసినది పేగులో ఉండే అసలు కాపురస్తులకు. ఫీకలిబాక్టీరియం ఉంది చూడండి, ఆక్సిజన్ తగిలిందా, నిమిషాల్లో పోతుంది. నైట్రోజన్ 85, కార్బన్ డయాక్సైడ్ 10, హైడ్రోజన్ 5 పాళ్లలో నింపిన పెట్టెలో, భుజాల దాకా రబ్బరు చేతులు తొడుక్కుని పనిచేయాలి. మీడియంలో రెజాజురిన్ అన్న రంగు వేస్తాం. గులాబీ రంగు తిరిగిందంటే ఎక్కడో గాలి దూరింది, ఆ రోజు పని గోవిందా. నా పిహెచ్‌డిలో మొదటి ఏడాదంతా గులాబీ రంగే చూశాను.

మీరు ఒకే ప్రతిపాదనలో రెండు పనులూ కలిపారనుకుంటాను. సమీక్షకుడికి కనిపించేది: మొదటి సగానికి అక్కర్లేని యంత్రం, రెండో సగానికి అనుభవం లేని మనిషి.

తరవాణి_కుండ
@గాలి_గిట్టదు కొంచెం గట్టిగానే తగిలింది. నిజమే, కలిపాను. రెండో భాగంలో మలం నమూనాల్లోని బాక్టీరియాతో కలిపి పెంచాలని రాశాను, చాంబర్ దానికోసమే. కొటేషన్ 31 లక్షలు, పన్నుతో కలిపి. ఇవ్వగలిగిన మొత్తంలో సగం ఒక్క పెట్టెకే పోయింది.

గాలి_గిట్టదు
అక్కడే పోయింది మీ దరఖాస్తు. విడగొట్టండి. ఆమ్లం, పైత్యరసం, పేగు కణాలకు అంటుకోవడం, యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు ఉన్నాయా లేదా, ఇవన్నీ మీ గదిలోనే చేయవచ్చు. చాంబర్ ఉన్న చోట ఒక తోడును చూసుకుని సహపరిశోధకుడిగా పేరు రాయండి. హైదరాబాదులోనే రెండు మూడు చోట్ల ఉన్నాయి. అడిగితే వారానికి ఒక రోజు ఇస్తారు. నేనైతే ఇస్తాను.

పద్దుల_పంతులు
ముప్పై ఒక్క ఏళ్లు విశ్వవిద్యాలయం ఆర్థిక విభాగంలో పనిచేసి విరమణ పొందాను. శాస్త్రం మీరు చూసుకోండి, నేను పద్దు చెబుతాను.

2022 జూలైకి ముందు పరిశోధన సంస్థలకు పరికరాల మీద 5 శాతం జీఎస్టీ ఉండేది. ఆ రాయితీ తీసేశారు, ఇలాంటి యంత్రాలకు 18 అయింది. అమ్మాయి కొటేషన్‌లో దాదాపు ఐదు లక్షలు పన్నే. అంటే ప్రభుత్వం కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకుంటోంది, మధ్యలో ఆ డబ్బుకు వినియోగ ధ్రువపత్రం మీరు రాయాలి.

రెండోది తారీఖుల సంగతి. పూర్వం నిధి మంజూరైతే డబ్బు మా బ్యాంకు ఖాతాలో పడేది. ఆలస్యమైనా అక్కడే ఉండేది, ఏడాది దాటితే అనుమతి తెచ్చుకుని ఖర్చు పెట్టేవారు. ఇప్పుడు చాలా పథకాలకు ట్రెజరీ సింగిల్ అకౌంట్ పద్ధతి. డబ్బు రిజర్వు బ్యాంకు దాటదు, మీకు కనిపించేది ఖర్చు పెట్టుకునే పరిమితి మాత్రమే. మార్చి 31 రాత్రికి వాడనిది మాయం. మంజూరు ఉత్తర్వు డిసెంబరులో వస్తే మూడు నెలల్లో టెండరు పిలవాలి, యంత్రం రావాలి, బిగించాలి, బిల్లు చెల్లించాలి. బాక్టీరియాకు క్యాలెండరు తెలియదు కదా, పద్దుకు అదొక్కటే తెలుసు.

ప్రైవేటు డబ్బుకు ఈ బాధ లేదు, చెక్కు వస్తుంది, ఖాతాలో పడుతుంది. అందుకే మీ విభాగాధిపతికి అది లక్ష్మిలా కనిపిస్తోంది.

మైనస్_ఎనభై
@పద్దుల_పంతులు గారూ, ఒక సందేహం. 2023 జనవరి నుంచి మా పరిశోధక విద్యార్థుల జూనియర్ ఫెలోషిప్ నెలకు 31,000 నుంచి 37,000కు పెంచారు. పెంచినందుకు సంతోషమే. నాకు అది ఐదు నెలలుగా రాలేదు. రాని 31,000కూ రాని 37,000కూ పద్దులో తేడా ఏమిటి?

పద్దుల_పంతులు
నెలకు ఆరు వేలు బకాయి ఎక్కువ.

మైనస్_ఎనభై
😂 అద్దె ఇంటి యజమానికి ఈ జవాబు చూపిస్తాను.

నవ్వుకుంటున్నాం గాని, నాలాంటి వాళ్ల పని ఎలా ఉంటుందో చెబుతాను. మాది పల్లెల్లో పిల్లల మలం నమూనాలు సేకరించే ప్రాజెక్టు. వాహనానికి పద్దులో డబ్బు లేదు. థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి, నమూనాలు సర్ది, పల్లెవెలుగు బస్సులో 70 కిలోమీటర్లు ఒళ్లో పెట్టుకుని తెస్తాను. ఒకసారి కండక్టరు "చేపలా? లగేజీ టికెట్ తీసుకో" అన్నాడు. కాదండీ, పరిశోధన అన్నాను. "ఏం పరిశోధన?" అన్నాడు. ఎండ, నిద్రలేమి, నాకు అబద్ధం తట్టలేదు. ఉన్నది చెప్పాను. చుట్టూ మూడు సీట్లు ఖాళీ అయ్యాయి. జీవితంలో అంత విశాలంగా బస్సు ప్రయాణం ఎప్పుడూ చేయలేదు.

సొంత_జీతం
లగేజీ టికెట్ కొట్టాడా లేదా?

మైనస్_ఎనభై
డబ్బు తీసుకోవడానికి నా దగ్గరకు వస్తేనా!

క్లీవ్‌లాండ్_చలి
అమెరికాలో పోస్ట్‌డాక్ చేస్తున్నాను, పేగు బాక్టీరియా మీదే. ఇక్కడ అంతా పాలూ తేనే అనుకోకండి. పిహెచ్‌డి ముగిసిన పదేళ్ల లోపువారిని ఎన్ఐహెచ్ తొలిదశ పరిశోధకులుగా లెక్కించి కొంత మొగ్గు చూపుతుంది. అయినా మొదటి పెద్ద నిధి, ఆర్01 అంటాం, చేతికి వచ్చేసరికి సగటు మనిషికి నలభై దాటుతోంది. 2025లో నడుస్తున్న నిధులే చాలా వాటిని మధ్యలో రద్దు చేశారు. మా పక్క ప్రయోగశాలలో ఎలుకలు మిగిలాయి, చూసే మనిషి మిగలలేదు.

అసలు చెప్పాలనుకున్నది వేరు. కంపెనీ డబ్బంతా ఒక్క గాటన కట్టకండి. యాకుల్ట్, డానోన్ కంపెనీలు కలిసి గ్లోబల్ ప్రోబయాటిక్స్ కౌన్సిల్ అని ఒకటి పెట్టి ఇక్కడి యువ పరిశోధకులకు 50,000 డాలర్ల చొప్పున నిధులు ఇస్తూ వచ్చాయి. పోటీ పెట్టి, విషయం తెలిసిన శాస్త్రజ్ఞుల చేత ఎంపిక చేయించి ఇచ్చేది అది. పరిశోధకుడి ప్రశ్న పరిశోధకుడిదే. మీకు వచ్చిన కాగితం అలాంటిది కాదు, కూలికి కుదుర్చుకోవడం. రెండూ కంపెనీ డబ్బే, కానీ ఒకటి కట్నం, ఇంకొకటి జీతం.

గుళికల_మాజీ
కట్నం పోలిక బాగోలేదు గాని తేడా సరిగ్గా చెప్పారు. చిన్న సవరణ: మొదటి రకంలోనూ ఏ ప్రశ్నలకు డబ్బు వస్తుందో చూడండి. "ప్రోబయాటిక్ ఎలా మేలు చేస్తుంది" అన్నదానికి వస్తుంది. "మేలు చేస్తుందా" అన్నదానికి అంతగా రాదు.

క్లీవ్‌లాండ్_చలి
@గుళికల_మాజీ మరీ అంత కాదు. ఎవరో ఒకరు ఎలా అన్నది తేల్చకపోతే, ఎందుకు పనిచేయలేదో కూడా తెలియదు కదా.

కడుపు_డాక్టరు
ఇద్దరూ కలిసి బంగ్లాదేశ్ పని చూడండి. ఢాకాలోని ఐసీడీడీఆర్‌బీ అన్న పరిశోధన సంస్థ, అమెరికాలో జెఫ్రీ గోర్డాన్ బృందం కలిసి పోషకాహార లోపం ఉన్న పిల్లల పేగు బాక్టీరియాకు ఏ మేత కావాలో ముందు తేల్చారు. తర్వాత శనగలు, సోయా, వేరుశనగ, పచ్చి అరటికాయ కలిపి ఆహారం తయారుచేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి, మామూలు పోషకాహారం కన్నా పిల్లల బరువు బాగా పెరిగింది. గుళిక లేదు, సీసా లేదు. పచ్చి అరటికాయకు పేటెంటు ఎవరు తీసుకుంటారు? అలాంటి ప్రశ్నకు కంపెనీ డబ్బు పెట్టదు, పెట్టాలని అనుకోవడం మన అమాయకత్వం.

చద్దన్నమే_చాలు
అరటికాయ వేపుడు మా ఇంట్లో వారానికి రెండుసార్లు. నాకు ఎన్ని లక్షలు ఇస్తారు?

గాలి_గిట్టదు
ఇడ్లీ కూడా పులిసినదే కదా అని ఇంకెవరైనా అడిగేలోపు చెప్పేస్తున్నాను: ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది, పిండిలోని బాక్టీరియా చచ్చిపోతుంది. బతికి ఉండాలి, తగినంత సంఖ్యలో ఉండాలి, మేలు చేస్తుందని రుజువు ఉండాలి. మూడూ ఉంటేనే ప్రోబయాటిక్. మన ఆహార భద్రత సంస్థ 2016 నిబంధనల ప్రకారం రోజువారీ మోతాదులో కనీసం పది కోట్ల జీవకణాలు ఉండాలి. ఇంటి పెరుగు మంచిదే, కానీ అందులో ఏముందో తోడు వేసిన చేతికి కూడా తెలియదు.

తరవాణి_కుండ
ఎక్కడ దరఖాస్తు పెట్టాలో ఎవరైనా చెబుతారా? మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలంటే ఏది ముందు?

గాలి_గిట్టదు
మీ పరిస్థితికి మొదటిది ఏఎన్ఆర్ఎఫ్ (పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ) వారి ప్రధానమంత్రి తొలిదశ పరిశోధన నిధి. దాని ముందున్న ఎస్ఈఆర్‌బీ ఇచ్చిన స్టార్టప్ గ్రాంటు రెండేళ్లకు 30 లక్షలు ఉండేది. ఇది మూడేళ్లకు 60 లక్షల దాకా. వయసు 42 దాటకూడదు, మహిళలకు సడలింపు ఉంది. ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ మీకు కుదరదు, శాశ్వత ఉద్యోగం ఉంది. రామలింగస్వామి ఫెలోషిప్ విదేశాల నుంచి తిరిగి వచ్చేవారిది, @క్లీవ్‌లాండ్_చలి గుర్తుపెట్టుకోండి. బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు, మన కేంద్ర బయోటెక్నాలజీ విభాగం డీబీటీ కలిసి నడిపే ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. 2025 అక్టోబరులో దాని మూడో దశకు కేంద్ర మంత్రివర్గం 1,500 కోట్లతో ఆమోదం ఇచ్చింది. పోటీ గట్టిది, కానీ దరఖాస్తు రాసే క్రమంలోనే మనిషి బుర్ర శుభ్రపడుతుంది.

సొంత_జీతం
ఆ తొలిదశ నిధికి "శాశ్వత ఉద్యోగం" ఉండాలన్న ఒక్క మాటతో నాలాంటి వారంతా గేటు బయటే. కాంట్రాక్టు అధ్యాపకుడికి తొలిదశ లేదు, మలిదశ లేదు, ఒకటే దశ.

పద్దుల_పంతులు
@సొంత_జీతం మాట తీసిపారేయకండి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు నింపక ఎన్నేళ్లయిందో అందరికీ తెలుసు. పాఠాలు చెప్పేది ఎక్కువగా వారే. ప్రధాన పరిశోధకుడిగా పేరు పెట్టాలంటే మాత్రం మా కార్యాలయమే ఒప్పుకునేది కాదు. నేనే ఒకసారి అలాంటి దస్త్రం వెనక్కి పంపాను. నిబంధన ప్రకారం నాది తప్పు కాదు. ఆ అబ్బాయి తర్వాత మందుల కంపెనీలో అమ్మకాలకు వెళ్లాడని విన్నాను.

మైనస్_ఎనభై
...

చద్దన్నమే_చాలు
ఇందాకటి నుంచి చదువుతున్నాను, నాకొకటి అర్థం కావడం లేదు. 41 రకాల హక్కు కంపెనీదా, అమ్మాయిదా అని ఇంత వాదించారు. ఆ తొమ్మిది కుండలు ఎవరివి? ఆ ఇళ్ల ఆడవాళ్లు ఎన్నేళ్లుగా పోషించుకుంటున్న పులుపు అది. వాళ్ల పేరు ఒక్కరూ ఎత్తలేదు.

కడుపు_డాక్టరు
ఇంతసేపటికి మీ పన్ను రూపాయి గిట్టుబాటైంది. మంచి ప్రశ్న.

తరవాణి_కుండ
@చద్దన్నమే_చాలు నిద్ర పట్టనివ్వరన్నమాట. నమూనా తీసుకున్నప్పుడు అంగీకార పత్రం రాయించుకున్నాను, "పరిశోధన కోసం" అని ఉంది. కంపెనీకి ఇస్తానని లేదు. ఒక పెద్దావిడ సంతకం పెడుతూ "మా అత్తగారి కుండమ్మా ఇది, పగలగొట్టకు" అంది. కుండ ఇచ్చిందనుకుంది.

గుళికల_మాజీ
ఇది మనసు సంగతి మాత్రమే కాదు, చట్టం సంగతి కూడా. 2002 జీవవైవిధ్య చట్టం సూక్ష్మజీవులకూ వర్తిస్తుంది. 2023లో సవరించారు. విదేశీ నియంత్రణలో ఉన్న కంపెనీ అయితే మన జీవ వనరు ముట్టుకోవడానికి ముందే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. పేటెంటు దాకా వెళ్లాలన్నా దాని గడప తొక్కాల్సిందే. పైగా ప్రకృతిలో దొరికిన బాక్టీరియాను దొరికింది దొరికినట్టు పేటెంటు చేయడానికి మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(సి) ఒప్పుకోదు. పద్ధతికి, మిశ్రమానికి అడగవచ్చు. కాబట్టి "41 రకాల మీద హక్కులన్నీ" అని రాసిన వకీలు సగం అత్యాశతో, సగం అలవాటుతో రాశాడు. గట్టిగా అడిగితే వెనక్కి తగ్గుతారు. మేము తగ్గేవాళ్లం.

ముందు చేయాల్సింది: రకాలను చండీగఢ్‌లోని ఎంటీసీసీ అన్న సూక్ష్మజీవుల భాండాగారంలో గాని పుణెలోని జాతీయ సూక్ష్మజీవ వనరుల కేంద్రంలో గాని భద్రపరచి నంబరు తెచ్చుకోండి. కరెంటు పోతే మీ ఫ్రీజరు చేసే నష్టం ఏ కంపెనీ చేయలేదు.

మైనస్_ఎనభై
నా పేరు ఎందుకు పెట్టుకున్నానో ఇప్పుడు చెప్పవచ్చు. రెండేళ్ల కిందట మే నెల, శనివారం రాత్రి కరెంటు పోయింది. జనరేటరులో డీజిలు లేదు, కొనడానికి ఏ పద్దు కిందకు వస్తుందో తేలలేదు. సోమవారం ఉదయం తలుపు తీస్తే మైనస్ ఎనభైలో ఉండాల్సిన పెట్టె ప్లస్ ఇరవై తొమ్మిది చూపిస్తోంది. 212 నమూనాలు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చినవి.

పద్దుల_పంతులు
అమ్మా, డీజిలు కంటింజెన్సీ (చిల్లర ఖర్చుల పద్దు) కింద వస్తుంది. ఎవరూ చెప్పలేదా?

మైనస్_ఎనభై
ఎవరూ చెప్పలేదండీ.

సొంత_జీతం
నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. పూర్తిగా కాదు. ఆమోదం షరతు కొట్టేయిస్తే మాత్రం డబ్బు తీసుకోండి. పవిత్రంగా ఖాళీ చేతులతో కూర్చుంటే తొమ్మిది కుండల్లో నాలుగు మీ మూడో దరఖాస్తు తిరిగొచ్చేలోపు పారబోస్తారు. కోడళ్లకు ఆ వాసన పడదు.

గాలి_గిట్టదు
దీనికి నేనూ ఓటు.

కడుపు_డాక్టరు
నేను వేయను. షరతు కొట్టేసినా మొహమాటం మిగులుతుంది. మందుల కంపెనీల కలాలతో మందుల చీటీలు రాసేవాణ్ణి, నాకు తెలుసు.

తరవాణి_కుండ
(ఏడు వారాల తర్వాత) ఎవరైనా ఇంకా చూస్తున్నారేమో అని రాస్తున్నాను. కంపెనీకి రెండు షరతులూ కొట్టేసి పంపాను. ప్రచురణ విషయంలో దిగివచ్చారు: ఆమోదం అక్కర్లేదు, 45 రోజుల ముందు చూపిస్తే చాలు. హక్కుల విషయంలో "అంతర్గతంగా చర్చిస్తున్నాం" అన్నారు. @గుళికల_మాజీ, ఇది "పరిశీలనలో ఉంది"కి చెల్లెలేనా?

గుళికల_మాజీ
కవల చెల్లెలు.

తరవాణి_కుండ
అనుకున్నాను. అందుకే ఎదురుచూడకుండా ప్రతిపాదన రెండు ముక్కలు చేసి మొదటి ముక్క పంపాను. చాంబర్ తీసేశాను, 31 లక్షలు తగ్గాయి. @గాలి_గిట్టదు గారి పేరు సహపరిశోధకుడిగా పెట్టాను, వారానికి ఒక రోజు మాట నిలబెట్టుకోవాలి మరి. తొమ్మిది ఇళ్లకూ మళ్లీ వెళ్లాను, తెలుగులో కొత్త అంగీకార పత్రం, కంపెనీ ప్రస్తావనతో సహా. ఏడుగురు సంతకం పెట్టారు. ఒకరు మా అబ్బాయిని అడగాలన్నారు. పెద్దావిడ కంపెనీ అయితే వద్దంది. ఆవిడ కుండలోని ఆరు రకాలు జాబితాలోంచి తీసేశాను. వాటిలో రెండు ఆమ్లానికి అన్నింటికన్నా బాగా తట్టుకున్నవి.

క్లీవ్‌లాండ్_చలి
అయ్యో. ఆ రెండూనా!

తరవాణి_కుండ
ఆ రెండే. తలుపు దాటుతుంటే పిలిచి ఆవిడే ఒక చిన్న కుండ ఇచ్చింది, "నువ్వు ఇంట్లో పెట్టుకుని తాగు, వాళ్లకివ్వకు" అని. ఇప్పుడు అది నా ప్రయోగశాలలో, ఇంక్యుబేటర్ పక్కన ఉంది.

పద్దుల_పంతులు
అమ్మాయీ, కుండను స్టాకు రిజిస్టరులో ఎక్కించావా? 1994లో మా దగ్గర ఆడిటువారు ప్రయోగాల ఎలుకలకు లెక్క అడిగారు. కొన్నవి 40, ఉన్నవి 67. ఎక్కువ ఎందుకున్నాయో వివరణ రాయడానికి నాకు రెండు పేజీలు పట్టింది.

తరవాణి_కుండ
ఎక్కించలేదండీ. పరికరమా, ముడిసరుకా తేలలేదు.

పద్దుల_పంతులు
పగిలేది కాబట్టి ముడిసరుకు. పగిలితే చెప్పు, కొట్టివేత నోటు నేను రాసిస్తాను.